సున్నా డాలర్ల పన్ను: ఆరోగ్య బీమా, తుపాకులపై అమెరికా సంప్రదాయవాదుల లెక్క

క్లుప్తంగా: అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా విస్తరణను, తుపాకీ నియంత్రణను చాలావరకు ఒకే వర్గం వ్యతిరేకిస్తుంది. ఇది యాదృచ్ఛికం కాదు. ఫెడరల్ ప్రభుత్వం పౌరులను బలవంతపెడుతోందని, వారి వివరాలు పోగుచేస్తోందని రెండు చోట్లా ఆ వర్గం భావిస్తుంది. కోర్టుల్లో కూడా ఈ రెండు పోరాటాలు ఒకే సూత్రాల మీద నడిచాయి. అయితే వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ దగ్గరికి వచ్చేసరికి ఈ వ్యతిరేకత ఆగిపోతుంది. అక్కడి నుంచి, సాయం పొందే అర్హత ఎవరిదన్న ప్రశ్న మొదలవుతుంది.

పొంతన లేని రెండు నిబంధనలు

2025 జులై 4న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన భారీ పన్నుల చట్టంలో రెండు నిబంధనలు చాలామందికి అంతుపట్టలేదు. పేదలకు వైద్య బీమా కల్పించే మెడికెయిడ్ పథకం గత దశాబ్దంలో విస్తరించింది. అలా కొత్తగా చేరిన వయోజనులు నెలకు 80 గంటల పాటు పనో, చదువో, సమాజ సేవో చేస్తున్నట్టు చూపాలన్నది మొదటి నిబంధన. తుపాకీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ల మీద 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అవుతుందన్నది రెండోది. ఆసుపత్రి బిల్లుకూ తుపాకీ గొట్టానికీ సంబంధం ఏమిటన్న సందేహం సహజం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులకు ఈ సందేహం మరింత బలంగా కలుగుతుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని పెంచడంలో పార్టీలు పోటీపడ్డాయే తప్ప, ప్రభుత్వం వైద్యం జోలికే రాకూడదని ప్రచారం చేసి ఓట్లడిగిన పార్టీ ఇక్కడ లేదు. తుపాకీ విషయానికొస్తే, 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు అధికారి విచక్షణ మేరకు ఇచ్చే అనుమతి మాత్రమే. అమెరికాలో రెండూ తలకిందులు. అక్కడ తుపాకీ 1791 నుంచి రాజ్యాంగంలో ఉన్న హక్కు. ఆరోగ్య బీమాకు రాజ్యాంగంలో చోటు లేదు.

అభిప్రాయ సేకరణల్లో విభజన రేఖ స్పష్టంగానే ఉంది. ప్యూ సంస్థ 2023 సర్వేలో తమకు సొంత తుపాకీ ఉందని చెప్పినవారు వయోజనుల్లో 32 శాతం. రిపబ్లికన్ల వైపు మొగ్గేవారిలో ఇది 45 శాతం, డెమోక్రాట్ల వైపు 20 శాతం. అందరికీ ఆరోగ్య బీమా అందేలా చూడడం ఫెడరల్ ప్రభుత్వ బాధ్యతేనని గాలప్ 2024 సర్వేలో 62 శాతం మంది చెప్పారు. డెమోక్రాట్లలో 90 శాతం అలా అన్నారు, రిపబ్లికన్లలో 32 శాతం. ఆ 32 శాతాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దాని వెనుక ఉన్న కథ తర్వాత వస్తుంది.

రెండు చట్టాలకూ పన్నే ఆధారం

అమెరికా రాజ్యాంగం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వానికి పేర్కొన్న అధికారాలే ఉంటాయి, మిగిలినవి రాష్ట్రాలవి. అందువల్ల ఒక పనిని నేరుగా ఆదేశించే అధికారం లేనప్పుడు ఫెడరల్ చట్టసభ దానికి పన్ను రూపం ఇస్తుంది. 1934లో జరిగింది అదే. ముఠా హత్యలతో దేశం బెంబేలెత్తిన ఆ రోజుల్లో మెషిన్ గన్‌లను, సైలెన్సర్లను, పొట్టి గొట్టం తుపాకులను నేరుగా నిషేధించకుండా, చేతులు మారినప్పుడల్లా 200 డాలర్ల పన్ను కట్టి నమోదు చేసుకోవాలన్నారు. ఆనాటికి అది చాలామంది కొనగలిగిన తుపాకీ ధరకంటే ఎక్కువ. 1937లో సుప్రీంకోర్టు ఈ చట్టానికి చెందిన డీలర్ల పన్నును సమర్థించింది. నియంత్రణ ఉద్దేశం కనిపించినా పన్ను పన్నేనన్నది ఆ తీర్పు సారాంశం.

డెబ్బై అయిదేళ్ల తర్వాత, ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్‌ను కాపాడిందీ ఈ తర్కమే. 2010 మార్చి 23న చట్టమైన ఒబామాకేర్ ప్రతి పౌరుడూ బీమా తీసుకోవాలని, లేకపోతే జరిమానా కట్టాలని చెప్పింది. వాణిజ్య నియంత్రణ అధికారం కింద ఈ ఆదేశం చెల్లదని 2012లో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ అన్నారు. కానీ ఆ జరిమానాను పన్నుగా భావించి అయిదుగురు న్యాయమూర్తుల మెజారిటీతో చట్టాన్ని నిలబెట్టారు. సంప్రదాయవాదుల్లో కింది స్థాయి కార్యకర్తలు దీన్ని నమ్మకద్రోహంగానే చూశారు. న్యాయవాదులు మాత్రం ఆ తీర్పులోనే ఒక మార్గం కనిపెట్టారు. పన్ను ఆధారంగా నిలబడిన చట్టం నుంచి పన్నును తీసేస్తే మిగిలేది ఏమిటన్నదే వారి ప్రశ్న.

2017 నాటి పన్నుల చట్టం బీమా జరిమానాను 2019 నుంచి సున్నా చేసింది. టెక్సస్ నాయకత్వంలో రిపబ్లికన్ పాలిత రాష్ట్రాలు వెంటనే కోర్టుకెళ్లాయి. పైసా రాని పన్ను పన్ను కాదు కనుక ఒబామాకేర్ మొత్తం చెల్లదని వాదించాయి. 2018లో కింది కోర్టు అంగీకరించింది. 2021లో సుప్రీంకోర్టు 7–2 తేడాతో, సున్నా జరిమానా వల్ల ఎవరికీ నష్టం లేదు కనుక దావా వేసే అర్హతే లేదని కొట్టేసింది. అసలు ప్రశ్నకు జవాబు రాలేదు.

2025లో సైలెన్సర్ల విషయంలో జరిగింది దీనికి అచ్చు నకలు. ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లు సైలెన్సర్లను 1934 చట్టం నుంచి పూర్తిగా తొలగించింది. సెనేట్‌లో సాధారణ మెజారిటీతో గట్టెక్కాలంటే బిల్లులో బడ్జెట్ అంశాలే ఉండాలి. తొలగింపు ఆ కోవలోకి రాదని సెనేట్ నియమాల అధికారి తేల్చడంతో చివరికి పన్నును సున్నా చేయడంతో సరిపెట్టుకున్నారు. నమోదు, వేలిముద్రలు, తనిఖీ అలాగే ఉన్నాయి. చట్టం వచ్చిన వెంటనే గన్ ఓనర్స్ ఆఫ్ అమెరికా సహా కొన్ని సంఘాలు టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టులో దావా వేశాయి. పన్నే లేనప్పుడు నమోదు దేనికన్నది వారి వాదన. ఒబామాకేర్‌పై ప్రయోగించి గురితప్పిన ఆయుధమే ఇది. ఈసారి దావా వేసినవారికి ఒక అనుకూలత ఉంది. నమోదు చేయకుండా సైలెన్సర్ ఉంచుకుంటే జైలు శిక్ష పడుతుంది కాబట్టి, నష్టమేదీ లేదని కోర్టు చెప్పడం తేలిక కాదు.

షెరీఫులు వేసిన కేసు

రెండు పోరాటాలనూ కలిపే మరో ముడి 1997 నాటిది. 1993లో వచ్చిన బ్రేడీ చట్టం, జాతీయ కంప్యూటర్ వ్యవస్థ సిద్ధమయ్యే వరకు, తుపాకీ కొనేవారి పూర్వచరిత్రను స్థానిక పోలీసు అధికారులు పరిశీలించాలని చెప్పింది. మోంటానాలోని రవాలీ కౌంటీ (జిల్లా లాంటిది) పోలీసు అధిపతి అయిన షెరీఫ్ జే ప్రింట్జ్, అరిజోనాలోని గ్రాహం కౌంటీ షెరీఫ్ రిచర్డ్ మాక్ దీన్ని సవాలు చేశారు. అమెరికాలో షెరీఫ్‌ను కౌంటీ ఓటర్లే ఎన్నుకుంటారు. వాషింగ్టన్ తమకు పని పురమాయించడం ఏమిటన్న వారి వాదనను సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఒప్పుకుంది. ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాల యంత్రాంగాన్ని తన పనివారిగా వాడుకోరాదని తేల్చింది.

ఈ తుపాకీ తీర్పే 2012లో ఆరోగ్య బీమా కేసులో మళ్లీ తెరమీదికి వచ్చింది. మెడికెయిడ్‌ను విస్తరించని రాష్ట్రానికి పాత మెడికెయిడ్ నిధులు కూడా ఆపేస్తామన్న ఒబామాకేర్ నిబంధనను 7–2 తేడాతో కొట్టేసిన కోర్టు, ఆ సందర్భంలో ఈ సూత్రాన్ని ఉటంకించింది. ఇది ప్రోత్సాహం కాదు, తలకు తుపాకీ పెట్టడమేనని రాబర్ట్స్ రాయడం ఈ చరిత్రలో ఒక చిత్రం. దాంతో విస్తరణ రాష్ట్రాల ఇష్టానికి వచ్చింది. ఇప్పటికి 40 రాష్ట్రాలు విస్తరించాయి. టెక్సస్, ఫ్లోరిడా సహా పది రాష్ట్రాలు విస్తరించలేదు.

2019 చివర వర్జీనియాలో డెమోక్రాట్లు శాసనసభను గెలిచి కొత్త తుపాకీ చట్టాలు ప్రతిపాదించినప్పుడు కౌంటీలు వరుసగా తమను తాము రెండో సవరణ (తుపాకీ హక్కునిచ్చే రాజ్యాంగ సవరణ) ఆశ్రయ ప్రాంతాలుగా ప్రకటించుకున్నాయి. పైవారి చట్టం అమలుకు కిందివారు చేయి అందించాల్సిన పనిలేదన్న ఆలోచన వీటిలోనూ ఉంది. అయితే చట్టపరంగా ఈ తీర్మానాలకు బలం తక్కువ. ప్రింట్జ్ తీర్పు రాష్ట్రాన్ని ఫెడరల్ ప్రభుత్వం నుంచి కాపాడుతుందే కానీ, కౌంటీని సొంత రాష్ట్రం నుంచి కాపాడదు.

జాబితా అంటే భయం

క్షేత్రస్థాయి కార్యకర్తల మాటల్లో పన్నుల తర్కం కంటే ఎక్కువగా వినిపించేది జాబితా గురించి. ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉందో ప్రభుత్వానికి తెలిస్తే రేపు వచ్చి లాక్కోవడం తేలికన్నది వారి నమ్మకం. 1986 నాటి చట్టం ఫెడరల్ తుపాకీ రిజిస్టరును నిషేధించింది. దాని ఫలితం చూడాలంటే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న, తుపాకుల జాడ తీసే ఫెడరల్ కేంద్రాన్ని చూడాలి. మూతపడిన తుపాకీ దుకాణాల అమ్మకాల కాగితాలన్నీ అక్కడికి చేరతాయి. వాటిని స్కాన్ చేస్తారు కానీ, కొన్నవారి పేరు కొట్టి వెతికే వీలు ఉండకూడదు. నేరంలో దొరికిన తుపాకీ జాడ తెలుసుకోవడానికి ఉద్యోగులు బొమ్మలుగా నిల్వచేసిన ఆ పేజీలను తిప్పుకుంటూ పోవాలి. కంప్యూటర్ యుగంలో ఇంత శ్రమ ఎందుకంటే, ఈ అసౌకర్యాన్ని చట్టమే కావాలని సృష్టించింది.

వైద్య రికార్డు కూడా జాబితాయే. ఇక్కడే రెండు భయాలు కలిశాయి. ఒబామాకేర్ చర్చల సమయంలో, వైద్యుడు అడిగి రాసుకున్న తుపాకీ వివరం ప్రభుత్వానికి చేరుతుందన్న ఆందోళన లేచింది. దాన్ని చల్లార్చడానికి చట్టంలోనే ఒక నిబంధన పెట్టారు. ఆరోగ్య కార్యక్రమాల పేరుతో తుపాకీ వివరాలు సేకరించరాదని, తుపాకీ ఉందన్న కారణంతో బీమా ప్రీమియం పెంచరాదని అది చెబుతుంది. దాన్ని చేర్పించింది నెవాడాకు చెందిన డెమోక్రాట్ సెనేటర్ హ్యారీ రీడ్. ఫ్లోరిడా 2011లో మరో అడుగు వేసి, రోగిని తుపాకీ గురించి అడగకుండా వైద్యులను కట్టడి చేసింది. వైద్యుల వాక్ స్వాతంత్ర్యానికి భంగమంటూ 2017లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ చట్టంలోని ముఖ్యభాగాలను కొట్టేసింది.

మానసిక వైకల్యం వల్ల సామాజిక భద్రత పింఛను పొందుతూ, సొంతంగా ఆర్థిక వ్యవహారాలు చూసుకోలేని వారి పేర్లను తుపాకీ తనిఖీ వ్యవస్థకు పంపాలని ఒబామా ప్రభుత్వం చివరి రోజుల్లో నిబంధన తెచ్చింది. 2017 ఫిబ్రవరిలో ట్రంప్ సంతకంతో అది రద్దయింది. వికలాంగుల హక్కుల సంఘాలు, పౌరహక్కుల సంఘాలు కొన్ని ఆ రద్దును సమర్థించాయి. జాబితాపై అనుమానం సంప్రదాయవాదుల సొంత ఆస్తి కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ భయానికి మూల్యం ఉంది. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల మరణించినవారు 48,830 మంది. అందులో 26,328 ఆత్మహత్యలు. ఆత్మహత్య ముప్పును ముందుగా పసిగట్టే అవకాశం వైద్యుడికే ఎక్కువ. ఆ సంభాషణే అనుమానాస్పదమైతే నివారణకు ఉన్న దారి ఇరుకవుతుంది. నియంత్రణవాదులు సాధారణంగా సామూహిక కాల్పుల గురించే మాట్లాడతారు కాబట్టి, ఈ పెద్ద సంఖ్య ఇరుపక్షాల చర్చలోనూ పక్కకు పోతుంది.

కింది నుంచి పైకి

ఈ అభిప్రాయాలన్నీ లాబీలు పై నుంచి నూరిపోసినవన్న విమర్శ తరచూ వినిపిస్తుంది. చరిత్ర అంత సూటిగా లేదు. 1871లో పుట్టిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ దాదాపు వందేళ్లు గురి పోటీలు, వేట, శిక్షణ చూసుకున్న సంస్థ. 1977లో సిన్సినాటిలో జరిగిన వార్షిక సమావేశంలో సాధారణ సభ్యులు తిరగబడి, రాజకీయాల నుంచి తప్పుకోవాలనుకున్న నాయకత్వాన్ని రాత్రికి రాత్రి దించేశారు. హార్లన్ కార్టర్ పగ్గాలు చేపట్టారు. తుపాకీ వ్యక్తిగత హక్కు అన్న వాదన ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో సభ్యుల నినాదం నుంచి న్యాయ పత్రికల్లోకి, అక్కడి నుంచి 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పులోకి చేరింది.

ఆరోగ్య బీమా విషయంలో దారి వేరు. అక్కడ వ్యతిరేకతను మొదట వైద్యుల సంఘం నడిపింది. 1940ల చివర అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ బీమా ప్రతిపాదనను ఓడించింది. 1961లో అప్పటికి నటుడిగా ఉన్న రోనాల్డ్ రేగన్ ప్రసంగాన్ని గ్రామఫోను రికార్డుగా చేసి, వైద్యుల భార్యల ద్వారా ఇంటింటి కాఫీ సమావేశాల్లో వినిపించింది. బీమాను తప్పనిసరి చేయాలన్న ఆలోచన కూడా మొదట సంప్రదాయవాద మేధోసంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ 1989లో ముందుకు తెచ్చినదే. రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ 2006లో దాన్ని మసాచుసెట్స్‌లో అమలు చేశారు. 2009లో ఒబామా విధానాలకు వ్యతిరేకంగా లేచిన సంప్రదాయవాద ఉద్యమం టీ పార్టీ సభల్లో కింది స్థాయి నుంచి లేచిన ఆగ్రహం పార్టీ మేధావుల ఆలోచననే పార్టీకి అంటరానిదిగా మార్చింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో అదనంగా 63 స్థానాలు గెలిచారు.

మెడికేర్ జోలికి రావద్దు

2009 వేసవిలో దక్షిణ కరొలినాలో జరిగిన ఒక సభలో, ప్రభుత్వం తన మెడికేర్ మీద చేయి వేయకూడదని ఒక వ్యక్తి రిపబ్లికన్ ప్రతినిధి బాబ్ ఇంగ్లిస్‌ను హెచ్చరించాడు. వృద్ధులకు బీమా ఇచ్చే మెడికేర్ 1965 నుంచి పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వ పథకమే కావడంతో ఆ మాట నవ్వులపాలైంది. నవ్వి ఊరుకోవడం పొరపాటు. టీ పార్టీ సభ్యులను దగ్గరగా పరిశీలించిన హార్వర్డ్ పరిశోధకులు థెడా స్కాచ్‌పోల్, వెనెస్సా విలియమ్సన్ ఇందులో ఒక క్రమం కనుగొన్నారు. వారికి ప్రభుత్వ ఖర్చు మొత్తం మీద వ్యతిరేకత లేదు. జీవితమంతా జీతం నుంచి కోత కట్టి సంపాదించుకున్నవాటిగా మెడికేర్‌ను, పింఛనును చూస్తారు. పని చేయనివారికి వెళుతుందని భావించే సొమ్ము మీదనే వారి కోపం.

దక్షిణ డకోటా దీనికి మంచి రుజువు. రిపబ్లికన్లకు కంచుకోట లాంటి ఈ రాష్ట్రంలో నాయకత్వం కాదన్నా, 2022లో ఓటర్లు సుమారు 56 శాతం మద్దతుతో మెడికెయిడ్ విస్తరణను రాష్ట్ర రాజ్యాంగంలోనే చేర్చారు. రెండేళ్లు తిరిగేసరికి, అలా చేరినవారికి పని షరతు పెట్టే వీలు ఇవ్వాలా అని అడిగితే దాదాపు అదే మెజారిటీతో సరేనన్నారు. పైకి ఇది తడబాటులా కనిపిస్తుంది. నిజానికి రెండు ఓట్లూ ఒకే మాట చెబుతున్నాయి. కష్టపడి కూడా బీమా కొనలేని పొరుగువాడికి సాయం సరే, కష్టపడనివాడికి వద్దు. ఐడహో, యూటా, నెబ్రాస్కా (2018), ఓక్లహామా, మిసోరి (2020) కూడా ఓటర్ల ద్వారానే విస్తరించాయి. అయితే యూటాలో శాసనసభ మరుసటి ఏడాదే ఓటర్ల నిర్ణయాన్ని కుదించింది. తర్వాత వచ్చిన ఓక్లహామా, మిసోరి ఉద్యమకారులు అందుకే దాన్ని రాష్ట్ర రాజ్యాంగాల్లోకి ఎక్కించారు.

తుపాకుల విషయంలో సర్వేలకూ ఓట్లకూ ఇలాంటి తేడానే, కానీ వ్యతిరేక దిశలో ఉంది. కొనేవారందరి పూర్వచరిత్రనూ తనిఖీ చేయాలా అని సర్వేల్లో అడిగితే రిపబ్లికన్లలో కూడా ఎక్కువమంది సరేనంటారు. 2016లో మెయిన్ రాష్ట్ర ఓటర్ల ముందు అదే ప్రతిపాదన పెడితే దాదాపు 52 శాతం వద్దన్నారు. వేటకు బావమరిదికి తుపాకీ ఇస్తే నేరమవుతుందా వంటి ప్రశ్నలు ప్రచారంలోకి రావడంతో సూత్రం వెనకబడి వివరాలు ముందుకొచ్చాయి. ఆ మరుసటి ఏడాదే ఆ ఓటర్లు 59 శాతంతో మెడికెయిడ్ విస్తరణకు ఓటేశారు. 2023 అక్టోబరులో లూయిస్టన్‌లో 18 మంది హతమైన తర్వాత అక్కడా గాలి మారింది. ప్రమాదకరంగా మారినవారి నుంచి కోర్టు ఉత్తర్వుతో తుపాకీ తాత్కాలికంగా తీసుకునే చట్టాన్ని 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించారు. ఇలాంటి చట్టం రిపబ్లికన్ రాష్ట్రమైన ఇండియానాలో 2005 నుంచే ఉంది.

ముందున్నది

పని షరతు 2027 జనవరి 1 నాటికి అమల్లోకి రావాలి. ఇందులో ఒక వైరుధ్యం పొంచి ఉంది. షరతు అమలు కావాలంటే లక్షలాది పౌరుల పని గంటలను ప్రభుత్వం నమోదు చేసి, తనిఖీ చేసి, నిల్వ ఉంచాలి. తుపాకీ విషయంలో ఏ జాబితాను ఒప్పుకోలేదో అలాంటి జాబితానే ఇక్కడ ఆ వర్గం కోరుకుంటోంది. 2018లో అర్కాన్సా ఇలాంటి షరతు పెట్టినప్పుడు కోర్టు ఆపేలోగా 18 వేల మందికి పైగా బీమా కోల్పోయారు. పని చేస్తున్నా ఆ సంగతి నమోదు చేయలేకపోయినవారు అందులో ఎందరో. మెడికెయిడ్ మీద ఎక్కువగా ఆధారపడే గ్రామీణ ఆసుపత్రులు ఉన్నవి కూడా చాలావరకు రిపబ్లికన్ ఓటర్ల మధ్యే. ఆ ఇబ్బంది ముందే తెలిసినట్టు, చట్టంలో 5,000 కోట్ల డాలర్ల గ్రామీణ ఆరోగ్య నిధిని చేర్చారు.

ఒబామాకేర్ ఏర్పరచిన బీమా మార్కెట్లో సొంతంగా బీమా కొన్నవారి సంఖ్య 2025లో 2 కోట్ల 40 లక్షలు దాటింది. ఫ్లోరిడా, టెక్సస్ ముందు వరుసలో ఉన్నాయి. వారి ప్రీమియంపై 2021లో పెంచిన ప్రభుత్వ సబ్సిడీ గడువు 2025తో ముగిసింది. దాని పొడిగింపుపై పట్టుదలతోనే ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వం స్తంభించింది. చిన్న వ్యాపారులు, రైతులు ఈ బీమా మీద ఆధారపడినవారిలో గణనీయంగా ఉన్నారు. సంప్రదాయవాద ఉద్యమానికి మూలబలం కూడా వీరే. ప్రభుత్వ బాధ్యతను ఒప్పుకుంటున్న 32 శాతం రిపబ్లికన్లు ఎక్కడి నుంచి వస్తున్నారో ఊహించడానికి ఇది ఒక ఆధారం.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు

హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆ నిషేధం వర్తించదు. ఉద్యోగుల్లో అత్యధికులకు బీమా యజమాని ద్వారానే వస్తుంది కనుక మెడికెయిడ్ వివాదం దూరపు విషయంలా అనిపించవచ్చు. గ్రీన్‌కార్డుపై వచ్చిన వృద్ధ తల్లిదండ్రుల సంగతి వేరు. మెడికేర్ కొనుక్కోవడానికి వారికి అయిదేళ్ల నివాసం కావాలి, మెడికెయిడ్‌కూ సాధారణంగా అయిదేళ్లు ఆగాలి. ఆ మధ్యకాలంలో తక్కువ ఆదాయం చూపి ఒబామాకేర్ సబ్సిడీతో బీమా తీసుకునే వీలు ఇంతకాలం ఉండేది. పేదరిక రేఖకు దిగువన ఉన్న వలసదారులకు ఆ సబ్సిడీని 2025 చట్టం 2026 నుంచి ఎత్తేసింది. 2027 నుంచి హెచ్-1బీ వీసాపై ఉన్నవారికి కూడా మార్కెట్ సబ్సిడీ ఉండదు. గ్రీన్‌కార్డుదారులకు, మరికొన్ని చిన్న వర్గాలకే అది పరిమితమవుతుంది.